రెండు వరుసల అట్టపెట్టెలు

గేటుకు అడ్డంగా పెట్టిన మూడో బైకును కూడా ఈడ్చి గోడవారన నిలబెట్టి, రాజలింగం నడుం పట్టుకున్నాడు. కుడి తుంటి పొద్దున పూట ఎప్పుడూ మాట వినదు. సినిమాల్లో లెక్కలేనన్ని మెట్ల మీద నుంచి దొర్లిన తుంటి అది. యూనివర్సిటీ హాస్టల్ గేటు దగ్గర కాపలాకు కుదిరి ఆరేళ్లయింది. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు ఫైటరు. అంటే హీరో కొడితే ఎగిరి పడేవాడు. అన్ని సినిమాలూ కలిపినా తెర మీద అతని మొహం ఒక నిమిషం కనిపించి ఉండదు. వీపును మాత్రం రాష్ట్రమంతా చూసింది.

ఆ రోజు హాస్టల్లో ఒక్కడూ క్లాసుకు పోలేదు. ముందురోజు సాయంత్రం దర్శకుడు భానుప్రకాశ్ పోయాడు. ఎర్ర బూట్లు, పులిచారల కోటు, చేతిలో వెండి పిడి కర్ర. ఆ కర్రతో లైట్లవాళ్ల వీపు మీద ఒకటిచ్చి, కెమెరా వైపు తిరిగి నవ్వే మనిషి. అందరి ఫోన్లలోనూ ఆ నవ్వే. ఒక గదిలో ఏడుపు, పక్క గదిలో బూతులు. మెస్సులో ఉప్మా ముందు కూర్చున్న ఒకడు 'లెజెండ్' అన్నాడు. ఎదురుగా ఉన్నవాడు 'పీడ విరగడైంది' అన్నాడు. ప్లేట్లు ఎగిరాయి. ఎనిమిదింటికల్లా ఒకడి పెదవి చిట్లింది, ఇంకొకడి కళ్లజోడు నలిగింది.

రాజలింగానికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. పద్నాలుగేళ్లుగా కడుపులో పెట్టుకున్న భయం మాత్రం కాస్త కదిలింది. ఇవాళ డ్యూటీ దిగగానే తార్నాక పోయి విజయశ్రీకి చెప్పేయాలి అనుకున్నాడు. అనుకోగానే, రేపు చెబితే పోలేదా అనిపించింది. అంటే భయం ఇంకా ఉందన్నమాట.

విజయశ్రీ ఇన్నయ్య భార్య. ఇన్నయ్య, రాజలింగం జోడీ ఫైటర్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. భానుప్రకాశ్ సినిమాలో ఇన్నయ్య మూడో అంతస్తు నుంచి దూకాలి. అలాంటి షాట్‌కు కింద ఖాళీ అట్టపెట్టెలు నాలుగు వరుసలు పేర్చి, మీద పరుపులు వేస్తారు. పెట్టెలు నలిగి మనిషిని కాస్తాయి. పెట్టెల అంచు కెమెరాలో కనపడుతోందని భానుప్రకాశ్ కర్ర ఊపాడు. రెండు వరుసలు తీసేయమన్నాడు. తీసింది రాజలింగమే, తన రెండు చేతులతో. పరుపులు మళ్లీ పరిచిందీ తనే. పైనుంచి చూసే ఇన్నయ్యకు పరుపులే కనిపిస్తాయి. ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేస్తే షాట్ ఆగుతుంది, మర్నాటి నుంచి తనకు పిలుపు రాదు. నోరు మూసుకున్నాడు.

ఇన్నయ్య తాగి దూకి చచ్చిపోయాడని భానుప్రకాశ్ పేపర్లవాళ్లకు చెప్పాడు. యూనిట్ అంతా అవునంది. విజయశ్రీ కూడా నమ్మింది. తాగుబోతు పెళ్లాం అనే పేరు మోసుకుంటూనే తార్నాకలో మిర్చిబజ్జీల బండి పెట్టి కూతుర్ని చదివించుకుంది. రాజలింగం రోజూ ఆ బండి దగ్గర నాలుగు బజ్జీలు తింటాడు. ఇవాళ చెబుదామనుకుంటాడు. చెప్పకుండా సీతాఫల్‌మండిలోని తన గదికి పోతాడు. ఇంత పిరికివాణ్ణి చూసి జాలిపడాలో తిట్టాలో తెలియదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు హాస్టల్ ముందు బల్ల వేసి, అద్దాల ఫ్రేములో భానుప్రకాశ్ ఫోటో పెట్టారు. చనిపోయినవాడి ఫోటోకు పాలు పోయొచ్చా లేదా అని అభిమానులు కాసేపు వాదించుకున్నారు. తేలలేదు. పోశారు. వాళ్లలో పెద్దగొంతు జశ్వంత్‌ది. కాకినాడ కుర్రాడు.

"తాతా, నువ్వు ఆయన సినిమాల్లో చేశావంట కదా! రెండు ముక్కలు మాట్లాడు, రీల్ పెడతాం."

"నాకు మాటలు రావు బిడ్డా," అన్నాడు రాజలింగం. "నన్ను కింద పడనీకె పిలిచేటోళ్లు, మాట్లాడనీకె కాదు."

అప్పుడే శిరీష అనే పీజీ అమ్మాయి ఓ ఇరవైమందితో అట్టలు పట్టుకుని వచ్చింది. షూటింగులో కొత్త హీరోయిన్ చెంప పగలగొట్టి, ఆ సంగతిని స్టేజీ ఎక్కి గొప్పగా చెప్పుకున్న మనిషి భానుప్రకాశ్. అదే ఆ అట్టల మీద రాసి ఉంది.

"ఆడపిల్లను కొట్టినోడికి పాలాభిషేకమా? సిగ్గు లేదారా మీకు?"

"శవం లేవకముందే వచ్చారా? మీరు మనుషులేనా?" జశ్వంత్ బల్ల దాటి ముందుకొచ్చాడు.

ఎవరు ముందు తోశారో తెలియదు. బల్ల తిరగబడింది. అభిమానుల జెండా కర్రలు విరిగాయి. ఒకణ్ణి జుట్టు పట్టుకుని గోడకు కొడుతున్నారు, ఇంకొకడు పాల బురదలో పడి డొక్కలో తన్నులు తింటున్నాడు. సినిమా దెబ్బకు చప్పుడెక్కువ. ఇక్కడ చప్పుడే లేదు, ఆయాసం, బట్ట చిరగడం, చివరికి ఎవరిదో పన్ను రాలడం. ఇంతలో ఒకడు ఫోటో ఫ్రేమును రెండు చేతులా ఎత్తి శిరీష తల మీదికి దింపబోయాడు. రాజలింగం మధ్యలోకి వెళ్లిపోయాడు.

ఫ్రేము మూల అతని చెవి పైభాగంలో దిగింది. పడిపోయాడు. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీద దొర్లి, వెల్లకిలా చక్కగా పడ్డాడు. ఫైటరు పడ్డాక, ఎవరూ అడగకముందే బొటనవేలు పైకెత్తాలి. ఏమీ కాలేదు, తర్వాతి షాట్ పెట్టుకోండి అని దానర్థం. ఆ రోజు ఇన్నయ్య వేలు లేవలేదు. ఇప్పుడు రాజలింగానికి కళ్ల ముందు అంతా నల్లబడింది. అయినా చెయ్యి దానంతటదే లేచింది, బొటనవేలు నిలబడింది.

"తాత సూపర్!" అని ఎవడో ఈల వేశాడు. చప్పట్లు కొట్టారు, ఫోన్లో తీసుకున్నారు, మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టారు. పోలీసు వ్యాన్ వచ్చేదాకా అతని వైపు ఎవరూ చూడలేదు.

శిరీష ఒక్కతే పక్కన కూర్చుంది. "రక్తం కారుతుంది తాతా. దవాఖానకు పోదాం పా."

"ఏం కాలే బిడ్డా. నాకు గీ పని కొత్తనా? తార్నాకల జరూరు పని ఉన్నది."

మెయిన్‌రోడ్డు ఎక్కేసరికి రెండుసార్లు వాంతి అయింది. మెట్రో పిల్లర్లు ఒకటికి రెండు కనిపిస్తున్నాయి. ప్రతి దుకాణం టీవీలోనూ ఏడుస్తున్నారు. విజయశ్రీ అప్పుడే నూనె కాగబెడుతోంది. అతణ్ణి చూసి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి, చెరుకురసం బండి దగ్గర మంచుముక్కలు అడిగి, పాత చీరపేలికలో మూటకట్టి దెబ్బ మీద అదిమింది.

"ఏందన్నా ఈ నెత్తురు?"

"పోరగాళ్ల లొల్లి. చెల్లె, ఆ డైరెక్టరు సచ్చిపోయిండు."

"టీవీల ఇన్న. ఎంత చెడ్డోడన్నా గాని, మా ఆయన తాగి పడి సస్తే శవాన్ని కారుల ఇంటికి పంపిండు. గది నేను మర్వ."

రాజలింగం ఆమె చెయ్యి తోసేసి, మూటను తనే పట్టుకున్నాడు. "తాగలే చెల్లె. బావ ఆ పొద్దు చుక్క ముట్టలే. కింద పెట్టెలు రెండు వర్సలు తీసేసినం. ఆయనకు చెప్పలే. తీసింది నేనే. ఈ చేతులే."

విజయశ్రీ అతని కాలరు పట్టి కుదిపింది. చెంప మీద కొట్టింది, మళ్లీ కొట్టింది. మొహమంతా సెనగపిండి అంటింది. దెబ్బ తప్పించుకోవడం బాగా తెలిసిన మనిషి, తప్పించుకోలేదు.

"పద్నాలుగేండ్లు నా బజ్జీలు ఎట్ల మింగినవురా! నాయిన పేరు అడిగితే నా బిడ్డ తలకాయ దించుకుంటది. నీకు తెల్వదా? ఇన్నేండ్లల ఒక్కపొద్దన్న నోరు రాలేదా నీకు!"

చెరుకురసం అతను వచ్చి ఆమెను వెనక్కి లాగాడు. నూనె పొగలు చిమ్ముతోంది. ఆమె పొయ్యి తగ్గించి, అతనికి వీపు పెట్టి నిలబడి, జల్లెడ గరిటెను బండి అంచుకేసి కొడుతూ తిట్టింది. చాలాసేపు తిట్టింది. అతని తల్లిని, వంశాన్ని, చచ్చినవాణ్ణి, అందరినీ తిట్టింది. తిట్టి తిట్టి గొంతు పోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తాగలేదు అన్న మాట అప్పుడు లోపలికి దిగినట్టుంది.

"దూకేముందు ఏమన్న అన్నడా?" తిరగకుండానే అడిగింది. "నా గురించి గాని, బిడ్డ గురించి గాని?"

జల్లెడ గరిటెను పక్కన పెట్టింది.

"నిన్నే అడుగుతున్నన్నా. చెప్పు. ఏమన్నడు?"

తిరిగి చూసింది. రాజలింగం స్టూలు వెనకున్న కరెంటు స్తంభానికి ఆనుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆమె భుజం కుదిపింది. పేరు పెట్టి పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అతని చెంప మీది పిండిని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే, ఏమన్నడో చెప్పి పో అన్నా అని మళ్లీ మళ్లీ అడిగింది.

ఎదురు దుకాణం టీవీలో భానుప్రకాశ్ శవమున్న పూలబండి ఆగి ఆగి కదులుతోంది. జనం అటు చూస్తున్నారు. చెరుకురసం అతనూ ఒక ఆటోడ్రైవరూ రాజలింగాన్ని ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు. విజయశ్రీ పొయ్యి ఆర్పేసి అతని తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

స్టూలు పక్కన, నేల మీద, చీరపేలిక మూటలో మంచుముక్కలు ఇంకా పూర్తిగా కరగలేదు.