పక్క కుర్చీ

ఆ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడమంటే ఇద్దరి పని. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఎదురుగా కూర్చున్నవారు అచ్చుకాగితం మీద సరిచూడాలి. చదివేవారు మాటలు చదివి ఊరుకుంటే కుదరదు. కామా, ప్రశ్నార్థకం, కొటేషన్ మొదలు, కొటేషన్ ముగింపు, అన్నీ గొంతెత్తి పలకాల్సిందే. పదకొండేళ్ళుగా చదివేది ఆవిడ, దిద్దేది కళ్ళజోడు అన్నయ్య. తోడబుట్టినవాడు కాదు గానీ, అంతకంటే ఎక్కువే అనుకుంది పిచ్చిది.

ఆ వారం ఓ ప్రేమ నవల వచ్చింది. రాసిందెవరో కొత్తవాడట, కలం పేరు తప్ప వివరాల్లేవు, రాతప్రతి కూడా ఎవరిచేతో సాపు రాయించిందే. కథంతా మగవాడే చెప్పుకొస్తాడు. అబ్బ, ఏం మగవాడండీ! చొక్కా వీపు ఇస్త్రీపెట్టెతో కాల్చుకుని, ఆ రంధ్రం పిల్ల కంట పడకుండా సాయంత్రమంతా గోడకి వీపానించి పీతలా నడుస్తాడు. ప్రేమకథల్లో ఆడవాళ్ళ ఏడుపులు చదివి చదివి విసుగెత్తిన ఆవిడకి, మగవాడు తన వెర్రితనాన్ని తానే విప్పి చెప్పుకోవడం భలే నచ్చింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

“కామా మింగేశావు తల్లీ,” అన్నాడు అన్నయ్య.

“మింగనా మరి! ఇది రాసిన మహానుభావుడెవడో గానీ, వాడి చేతికి బంగారు కడియం తొడగాలన్నయ్యా.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఉక్కపోతేమో అనుకుంది.

బైండింగ్ పనిచేసే పిన్ని కూడా అచ్చయిన ఫారాలు మడవడం ఆపేసి, స్టూలు లాక్కుని వచ్చి కూర్చుంది. అలా తొమ్మిది అధ్యాయాలు నడిచాయి.

పదోది రిజిస్ట్రారు ఆఫీసులో మొదలైంది. హీరో అక్కడికి ఏదో పనిమీద వెళ్తాడు. ఆవిడ హుషారుగా అందుకుంది. “పక్క కుర్చీలో కొత్త బట్టల్లో ఒక పిల్ల, కామా, కాళ్ళకి ఒక సైజు పెద్ద బూట్లు, కామా, ముందు కాగితం కుక్కి.” గొంతు నెమ్మదించింది. “గుమాస్తా వచ్చి, కొటేషన్ మొదలు, పెళ్ళికా అమ్మా, ప్రశ్నార్థకం, కొటేషన్ ముగింపు, అన్నాడు. కొటేషన్ మొదలు, కాదండీ, కామా, పుట్టిన సర్టిఫికెట్టుకి, కొటేషన్ ముగింపు. కొటేషన్ మొదలు, ఎవరిది, ప్రశ్నార్థకం, కొటేషన్ ముగింపు. కొటేషన్ మొదలు, ఇంకా పేరు పెట్టలేదండీ...”

పిన్ని నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ చదవడం ఆపేసింది. ఆ బూట్లు అక్కవి. కాగితం కుక్కుకున్నది తను. పెళ్ళికి వస్తానన్నవాడు రాకపోతే, నలుగురి ముందు పరువు దక్కించుకోవడానికి నోటికొచ్చిన అబద్ధం ఆడిందీ తనే. అమ్మకి తెలీదు, అక్కకి తెలీదు. లోకంలో ఒక్కరికే చెప్పుకుంది, ఒక వానరోజున, ఇదే బల్ల దగ్గర, ఏడ్చుకుంటూ. ఆ ఒక్కరూ ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా అచ్చుకాగితంలో తల దూర్చి కూర్చున్నారు.

“పిన్నీ, కాసేపు అవతలికి వెళ్తావా?”

పిన్ని ఇద్దరి మొహాలూ చూసి, స్టూలు పట్టుకుని వెళ్ళిపోయింది.

“ఇది ఎవరికి చెప్పానన్నయ్యా నేను?”

ఆయన కళ్ళజోడు తీశాడు. “పేర్లు లేవు కదమ్మా. ఊరు కూడా మార్చాను. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు.”

“నువ్వే నవ్వావుగా ఇన్ని రోజులు! నవ్వుతావో లేదో చూద్దామనే...”

“నేను ఏడ్చింది మీకు నవ్వులాట అయిందా? కడుపులో దాచుకుంటారని చెప్పుకున్నాను. ఇలా బజారున పెడతారా?” లేచి రాతప్రతి ఆయన ముందుకు తోసింది. “ఇటు రండి. మిగతాది మీరు చదవండి, నేను దిద్దుతాను.”

పదకొండేళ్ళలో మొదటిసారి కుర్చీలు మారారు. ఆయన చదివాడు. కామా వదిలేసినప్పుడల్లా ఆవిడ ఆపి మళ్ళీ చదివించింది. “ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి, కామా, నేను పక్క కుర్చీలోంచి లేచి, కామా, నా చేతిరుమాలు...”

“ఆగండి. ఇక్కడ తప్పుంది.”

“ఏది?”

“పక్క కుర్చీలో ఎవరూ లేరు. ఆఫీసు మూసేదాకా అది ఖాళీగానే ఉంది. అది కూడా చెప్పాను మీకు.”

“కథ కదమ్మా...”

“ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో మీరున్నారనుకున్నాను,” అంది ఆవిడ, ఎర్రకలం ఆయన చేతిలో పెడుతూ. “కొట్టేయండి.”