నాలుగో తన్ను

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. మా అవ్వ సుక్కమ్మ ఆ సంగతి నార్కట్‌పల్లి చుట్టుపక్కల పది ఊళ్లకు చాటింది. నడుము పట్టేసినవాళ్లను ఎదురుకాళ్లతో పుట్టినవాడు మూడుసార్లు తంతే నొప్పి పోతుందని మా దిక్కు నమ్మకం. దాంతో నాకు అక్షరాలు రాకముందే తన్నడం వచ్చేసింది. సర్పంచిని తన్నాను. పోస్ట్‌మన్‌ను తన్నాను. నన్ను ఫెయిల్ చేసిన లెక్కల సారును కాస్త ఎక్కువ శ్రద్ధగా తన్నాను. వీరేశం తంతే బూరెల గంపలో పడ్డట్టేనని నవ్వుకుంటూ లేచి వెళ్లేవాళ్లు. ఊళ్లో పెద్దమనుషులను తన్ని, వాళ్లతోనే దండం పెట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

సునీల్‌దీ నాదీ ఒకే వాడ. వాళ్ల నాయన బక్కయ్య రైస్‌మిల్లులో హమాలీ. సునీల్ బంతి వేస్తే వికెట్ల వెనక నిలబడే దమ్ము నాకు తప్ప ఎవరికీ లేదు. అరచేతులు వాచిపోయి అన్నం కలుపుకోవడం కూడా కష్టమయ్యేది. పరుగెత్తుకొచ్చి, ఎడమకాలు నేలకు గుద్ది, నడుమును పక్కకు విరిచి వేసేవాడు. చూసేవాళ్లకు ఆ విరుపు అందంగా ఉండేది.

తెలంగాణ వచ్చిన మరుసటి సంవత్సరం వాడికి హైదరాబాద్ సెలెక్షన్ల నుంచి పిలుపొచ్చింది. ఇంకా తొమ్మిది రోజులుందనగా నడుము పట్టేసింది. పొద్దున్నే బక్కయ్య వాణ్ణి మా ఇంటికి నడిపించుకొచ్చాడు. చాప మీద బోర్లా పడుకోబెట్టాం. పద్ధతి ప్రకారం మూడుసార్లు మెల్లగా తన్నాను.

"ఏం ఫరక్ పడలే" అన్నాడు సునీల్.

"జర గట్టిగ తన్ను బిడ్డా. తొమ్మిది దినాలే ఉన్నయ్" అన్నాడు బక్కయ్య.

నాలుగోసారి తన్నడం పద్ధతిలో లేదు. అయినా మడమతో తన్నాను. సునీల్ అరవలేదు. చాప అంచు కొరికాడు. ఆ తర్వాత ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేకపోయాడు.

మూడు వారాల తర్వాత నల్లగొండ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూపించి, వెన్నులో ఎముక చిట్లిందన్నాడు. బంతులు వేసీ వేసీ చిట్లిందో, దెబ్బ తగిలి చిట్లిందో ఇప్పుడు చెప్పలేనన్నాడు. దెబ్బేమైనా తగిలిందా అని అడిగాడు. లేదన్నాడు సునీల్. బక్కయ్య నేల చూపులు చూశాడు. నేను కిటికీలోంచి బయట పెట్టిన స్కూటర్లను చూశాను.

వాడు మళ్లీ బంతి పట్టలేదు. తర్వాత గ్లోరీని పెళ్లి చేసుకుని, భువనగిరిలో ఒక బడికి వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. నేను తన్నడం మానేశాను. శక్తి పోయిందని అందరికీ చెప్పాను. హైవే పక్కన టైర్ల షాపు పెట్టుకున్నాను. భువనగిరి బస్సులు రోజూ నా ముందు నుంచే పోతాయి. పదేళ్లలో ఒక్కటీ ఎక్కలేదు.

రెండేళ్ల కింద, పక్కనున్న లింగయ్య చాయ్ హోటల్ టీవీలో యావర్ జమాల్‌ను చూశాను. పాకిస్తాన్ కొత్త బౌలర్. పంతొమ్మిదేళ్లు. గంటకు నూట యాభై కిలోమీటర్లు వేస్తున్నాడు. అందరూ ఆ అంకెనే చూస్తున్నారు. నేను వాడి నడుము చూశాను. ఎడమకాలు గుద్దడం, పక్కకు విరవడం, అంతా సునీలే.

మూడు నెలలు తిరక్కుండానే వాడి వెన్నులోనూ ఎముక చిట్లింది. బంతులు వేసి వేసే చిట్లిందని టీవీలో నిపుణుడు చెప్పాడు. కొందరు విశ్రాంతి తీసుకుని అదే వేగంతో తిరిగొస్తారట. కొందరు ఎంత చేసినా రారట.

ఆ రోజు నుంచి నాకు ఇంకో పని లేకుండా పోయింది. వాడి వార్త ఎక్కడున్నా ఫోన్‌లో వెతికేవాణ్ణి. వాడి ఉర్దూలో సగం మాటలు మా దిక్కు వాడేవే కాబట్టి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. నా లెక్క ఒకటే. యావర్ మునుపటిలా వేయలేకపోతే, సునీల్ బతుకు ఎలాగూ అంతే రాసి ఉంది, నా మడమ తప్పు లేదు. వేయగలిగితే, ఆ ఎముక దానంతటదే అతికేదే, విరగ్గొట్టింది నేనే. అందుకే వాడు బాగుపడకూడదని కోరుకున్నాను. కన్నతల్లి ఎక్కడో దువా చేసుకుంటున్న పిల్లవాడికి చెడు కోరుకున్నాను. సిగ్గుగానే ఉండేది, మానలేకపోయాను.

హోటల్లో అందరి కోరికా అదే. కానీ వాళ్లది మ్యాచ్ అయిపోయేదాకే. చాయ్ తాగి, పాకిస్తానోణ్ణి నాలుగు తిట్టి, ఇళ్లకు పోయేవాళ్లు. పదిమంది మధ్య కూర్చుని పదిమంది కోరుకునేదే కోరుకుంటూ అంత ఒంటరిగా ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నిన్న వాడు తిరిగొచ్చాడు, మన మీదే. మొదటి ఓవర్లో నూట ముప్పై ఎనిమిది.

"అయిపోయిండు. ఇగ స్పిన్ ఏసుకోవాలె" అన్నాడు లింగయ్య.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో చాయ్ చెప్పాను. అది చల్లారకముందే నూట నలభై తొమ్మిది వేశాడు. తర్వాత నూట యాభై ఒకటి. మనవాడి మధ్య వికెట్ ఎగిరి అంత దూరాన పడింది. యావర్ నేల మీద నుదురు ఆనించి ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. వాడు బాగుపడ్డందుకు నిజంగా సంతోషమేసింది. ఆ సంతోషంలోనే నాకు శిక్ష పడిపోయింది.

ఈ రోజు పొద్దున షాపు తెరవకుండా భువనగిరి బస్సెక్కాను. బడి గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సునీల్ కూర్చుని ఉన్నాడు. అప్పుడే జుట్టు నెరిసింది.

"ఏందిర వీరేశం, తొవ్వ తప్పినవా?"

"నిన్న మ్యాచ్ చూసినవా?"

"చూడకుంటనా? ఏడాదిన్నర సంది ఆని నడుముకు ఆరాం గావాలని ప్రార్థన చేస్తున్న. పాకిస్తానోని కోసమా అని మా గ్లోరీ ఒక్కతీరుగ నవ్వుతది. పెండ్లయిన కాన్నుంచి గామె అంత నవ్వింది లేదు."

నేను వాడి కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాను.

"నేను ఆనికి ఆరాం గావద్దని కోరుకున్న" అన్నాను.

"ఎందుకు?"

"ఆనిది అతుకుతె నీది గూడ అతికేదే గద. నేను గా నాలుగో తన్ను తన్నకపోతె."

సునీల్ కుర్చీని కాస్త నా వైపు తిప్పుకున్నాడు.

"డాక్టర్‌కే ఎరుక లేదు, నాకేం ఎరుకరా. తన్నకపోయినా నన్ను ఆర్నెల్లు మంచంల ఎవ్వలు పండవెడుదురు? నెల తిరక్కముందే బాపు ఎంబడి మిల్లుకు పోయిన. బాల్ పోయిందని ఒక ఏడాది ఏడ్సిన. అయిపోయింది. నువ్వెందుకు దూరమైనవ్? బాపు సచ్చిపోతె మట్టికి గూడ రాకపోతివి. వీరేశం వస్తడు, జర ఆగుండ్రి అని పెట్టె మూయనియ్యలే నేను. పాస్టర్ కోపం జేసిండు. చీకటి పడుతాందని మూసేసిండ్రు."

లోపల గంట కొట్టారు. సునీల్ ఒక చేత్తో నడుము పట్టుకుని, మెల్లగా లేచి గేటు తీయడానికి వెళ్లాడు. పిల్లలు అరుచుకుంటూ బయటికొచ్చి మా ఇద్దరి మధ్యా నిండిపోయారు. మడమ సంగతి ఎన్ని రకాలుగా అడిగినా చెప్పడానికి పదేళ్లుగా జవాబులు తయారు చేసుకున్నాను. వాడు అడిగింది మడమ గురించి కాదు, ఎందుకు దూరమయ్యానని.