సంతకం ఉన్న పటం

కొత్త ఆఫీసరు మొదటి రోజే నాకు నచ్చలేదు. మరీ మెత్తగా మాట్లాడతాడు. పటాలు గీసే గదిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను, ఊరికే మెత్తగా మాట్లాడేవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

ఊరి చివరి చిత్తడినేలను రక్షిత ప్రాంతంగా ప్రకటించే ఫైలు ఆయన చేతికొచ్చింది. హద్దుల పటం గీసింది నేనే. మంత్రిగారు సంతకం పెట్టిన ప్రతి ఉన్నది ఒక్కటే, నకలు చెల్లదు. ఆ పటంతో సహా ప్రకటన గడువులోగా ప్రభుత్వ ముద్రణాలయానికి చేరితేనే ఆ నేలకు చట్టప్రకారం రక్షణా, పేరూ. లేదంటే అంతా మళ్లీ మొదటికే. ఈలోగా ఉత్తరపు గట్టు కొన్న బిల్డరు మట్టి తోలి పూడ్చేసుకోవచ్చు.

మా అక్క మొగుడు అక్కడ పక్షుల కాపలాదారు. పద్దెనిమిదేళ్లుగా ఆ బురదలోనే బతుకుతున్నాడు. ఆ నేలకు రాబోయే పేరు, ‘ఎర్రకాళ్ల మడుగు’ అని రేకు మీద తెల్లరంగుతో రాసి వరండాలో ఆరబెట్టుకున్నాడు.

“ఆర్డరు రానీ బామ్మర్దీ, నా చేత్తో నేనే పాతుతా” అని మురిసిపోయేవాడు.

సోమవారం ఆఫీసరు ట్రేసింగు కాగితం మీద స్కేలు పెట్టి సరిగ్గా ఉత్తరపు గట్టునే కొలుస్తున్నాడు. నన్ను చూడగానే కాగితం మడిచాడు. మర్నాడు ఆయన గదిలోంచి బిల్డరు గుమాస్తా ఏదో కాగితం జేబులో పెట్టుకుంటూ బయటికొచ్చాడు. ఇంకేం కావాలి? నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం పటాన్ని చుట్టచుట్టి, గొడుగులో దూర్చి ఇంటికి తెచ్చేశాను. అటక మీద పాత క్యాలెండర్ల మధ్య పెట్టాను. గడువు నెలాఖరు దాకా ఉంది, పెద్దాఫీసరు శుక్రవారం వస్తే ఆయన చేతికే ఇద్దామనుకున్నాను.

బావకు చెప్పలేదు. చెబితే ఊరంతా చాటుతాడు.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి ఆఫీసరు గదికి వెళ్తే బీరువాలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన చొక్కా నిండా దుమ్ము.

“పటం ఎక్కడైనా చూశారా అండీ? రెండ్రోజుల్నుంచీ వెతుకుతున్నా.”

“లేదు సార్” అన్నాను. అంతటితో ఊరుకోలేక, “అయినా నెలాఖరు దాకా టైముందిగా” అన్నాను.

“అది సంతకం తేదీ నుంచి లెక్కేస్తే. చట్టంలో ముసాయిదా వేసిన తేదీ నుంచి లెక్క. ఇవాళ అయిదింటితో సరి.”

గోడ గడియారం వైపు చూశాను. “మరి గట్టెందుకు కొలిచారు సార్?”

“గట్టు వదిలేయమని బిల్డరు అర్జీ పెట్టాడు. అంగుళం కూడా వదలం అని కొట్టేశా. ఆ కాగితమే వాళ్ల గుమాస్తా పట్టుకెళ్లాడు.”

ఇంటికి పరిగెత్తి, అటకెక్కి, పటం తీసుకుని, ఆటో దొరక్క ఏడుస్తూ ముద్రణాలయానికి చేరేసరికి అయిదూ పన్నెండు. తపాలా తీసుకునే కిటికీ మూసేశారు. తలుపు బాదాను. లోపలి మనిషి రేపు రమ్మన్నాడు.

బావకు అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. రంగు ఆరిందో లేదో బోర్డు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత దాన్ని గోడవైపు తిప్పి ఆనించాడు.

“ఆయన్ని నమ్మలేదు, సరే. నాకైనా ఒక్కమాట చెప్పకపోయావా? ముసాయిదా నోటీసు గట్టు మీద అంటించింది నేనే, గడువు ఇవాళేనని నాకు తెలుసురా.”

మర్నాడు పొద్దున్నే ఉత్తరపు గట్టు మీదికి మొదటి లారీ మట్టి వచ్చింది.