టెస్ట్ ట్రాక్ మీద నాన్న

బొమ్మ రైళ్ళ ఎగ్జిబిషన్ గేటు జనాలకి పదింటికి తెరుస్తారు, స్టాల్ వాళ్ళకి ఆరింటికే. అక్కా తమ్ముడూ ఎప్పట్లాగే వ్యాన్‌లోంచి సామాను దింపారు. రెండు మడత టేబుళ్ళు, నల్లగుడ్డ, ఇంజన్ల అట్టపెట్టెలు, టెస్ట్ ట్రాక్, దానికి కరెంటిచ్చే కంట్రోలర్. ఆఖర్న దూది పరిచిన మాత్రల డబ్బా. అందులో నాన్న.

"ఒసేయ్, మెల్లిగా దించు! చంపుతావా ఏంటి?" దోమ గొంతుతో అరిచాడు.

ఒకప్పుడు ఆయన ఆరున్నర అడుగుల మనిషి. బెల్టు, చీపురు, కుర్చీ కాలు, ఏది దొరికితే దాంతో వాయించేవాడు. కొట్టిన ప్రతిసారీ కొంచెం తగ్గేవాడు. అక్కకి పన్నెండేళ్ళప్పుడు ఆమె మణికట్టు విరగ్గొట్టిన రోజైతే ఒకేసారి నాలుగంగుళాలు తగ్గాడు. అయినా మానితేగా! అమ్మ పోయేనాటికి మోకాలెత్తు, ఇప్పుడు అంగుళం. ఆ ఇంటి మగాళ్ళంతా అంతే. తాత అయితే చివరికి ఎటు పోయాడో కూడా తెలీదు.

వాళ్ళ బొమ్మ రైళ్ళ రిపేరు షాపు మాత్రం నాన్న మీదే నడుస్తోంది. ఇంజన్ లోపలికి దూరి ఏ పళ్ళచక్రం అరిగిందో చెప్పేది ఆయనే. అందుకే ఆయన తగ్గినప్పుడల్లా వాళ్ళు కూడా ఇంకో చిన్న సైజు రైళ్ళకి మారిపోయేవాళ్ళు.

ఎనిమిదింటికి గొడవ మొదలైంది. పక్క స్టాల్లో పట్టాల కింద పోసే బుల్లి కంకర అమ్మే ఆయన తన టేబుల్ని వీళ్ళ జాగాలోకి జరిపాడు.

"జానెడేగా, దానికే ఏడవాలా?" అన్నాడు నవ్వుతూ.

తమ్ముడు ఆయన ముక్కు మీద ఒక్కటిచ్చాడు. టప్! రక్తం కంకర పొట్లాల మీద చిమ్మింది. కంకరాయన కుర్చీ విసిరాడు. తమ్ముడు కాలర్ పట్టుకుని ఆయన తల గోడకేసి బాదాడు. ఒకటి, రెండు. మూడోది పడేలోపు అక్క వచ్చి లాగేసింది. అప్పటికే తమ్ముడి ప్యాంటు నేల మీద జీరాడుతోంది.

"చూసుకున్నావా?"

"వాడే కదా మొదలెట్టింది!"

"నాన్న కూడా ఇదే అనేవాడు."

స్తంభానికి ఆనించి స్టీల్ టేపుతో కొలిచింది. ఐదడుగుల పదంగుళాలు. పోయినేడు ఆరు దాటి ఉండేవాడు, అందరూ నిచ్చెన అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ పిలవట్లేదు.

"ఒరేయ్, నిన్ను కూడా మాత్రల డబ్బాలో పెట్టుకుని తిరగడం నా వల్ల కాదురా," అంది అక్క, కింద కూర్చుని అతని ప్యాంటు మడిచి గుండుసూదులు గుచ్చుతూ. తమ్ముడు అటు తిరిగిపోయాడు.

టేబుల్ మీదున్న సూదుల డబ్బాలోంచి నాన్న ఒకటి లాక్కుని కోటు వెనక పెట్టుకున్నాడు. తనంత పొడుగుంది అది.

పదింటికి జనం వచ్చారు. ఓ పెద్దాయన పాత ఇంజన్ తెచ్చాడు. "కీచుమంటోందమ్మా. నాన్నగారు కొంచెం చూస్తారా?"

నాన్న ఇంజన్ ఎక్కాడు. అక్క ధ్యాసంతా ఇంకా తమ్ముడి మీదే ఉంది, ట్రాక్ వైర్లు రెండూ అటుదిటు కలిపేసింది. స్విచ్ తిప్పగానే ఇంజన్ ముందుకి పోకుండా వెనక్కి దూసుకెళ్ళి ట్రాక్ చివరి అడ్డదిమ్మని గుద్దింది. నాన్న ఎగిరి పట్టాల మీద పడ్డాడు.

"అయ్యో నాన్నా!" అక్క చెయ్యి చాపింది.

"గుడ్డిదానా! ఇరవయ్యేళ్ళు నేర్పించాను కదే!" అంటూ సూది తీసి మణికట్టులో కసుక్కున దించాడు. అదే మణికట్టు. సూది లాగేసరికి అగ్గిపుల్ల తలంత అయిపోయాడు, నెత్తురు మోచేతి దాకా కారింది.

తమ్ముడి చేతిలో పట్టాల మేకులు కొట్టే సుత్తి ఉంది. అది పైకి లేచింది.

"రారా! కొట్టు! మగాడివైతే కొట్టు!" రెండు చేతులా సూది పట్టుకుని నాన్న గంతులేస్తున్నాడు.

సొంత తండ్రిని చంపితే మనిషి ఎంత తగ్గుతాడో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. అక్క నెత్తుటి చేత్తోనే తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. ఆ వంకర చేతికి బలమెక్కడిది? సుత్తి ఇంకా పైకి వెళ్ళింది.

నాన్న ఆగలేకపోయాడు. ట్రాక్ పక్కనే ఆనించి ఉన్న తమ్ముడి రెండో చేతి బొటనవేలిలో, ఒంట్లో ఉన్న కసంతా పెట్టి పొడిచాడు.

టింగ్.

సూది ఒక్కటే రెండు పట్టాలకీ అడ్డంగా పడింది. చిటుక్కున నిప్పురవ్వ. ఉత్తినే తిరుగుతున్న ఇంజన్ చక్రాలు ఆగిపోయాయి.

సుత్తి గాల్లోనే ఉంది. కింద కొట్టడానికి ఎవరూ లేరు. తమ్ముడు వంగి పట్టాల సందుల్లో వెతికాడు. తర్వాత సుత్తిని టేబుల్ మీద పెట్టాడు, చప్పుడు కాకుండా.

అక్క సూది తీసి వైర్లు సరిగ్గా కలిపింది. ఇంజన్ ముందుకి కదిలింది.

"నాన్నగారేరమ్మా?" అడిగాడు పెద్దాయన.

"రిటైరయ్యారండీ."

సాయంత్రం సర్దేటప్పుడు తమ్ముడు అలవాటుగా ట్రాక్ మీదకి వాక్యూమ్ గొట్టం పట్టాడు. అక్క ప్లగ్ పీకేసింది.

"బ్రష్‌తో ఊడువు. మెల్లిగా."

ఊడ్చాడు. పట్టాల సందులో దుమ్మంతా మాత్రల డబ్బాలోకి ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"తిడుతున్నాడా?" అడిగింది అక్క.

"ఆఁ. నన్నే."

మూత పెట్టి, డబ్బాని జేబులో వేసుకుని, పక్క స్టాల్ కంకరాయన టేబుల్ మడవడానికి వెళ్ళాడు. వ్యాన్ ఎక్కే ముందు అక్క మళ్ళీ కొలిచింది.

ఐదడుగుల పదంగుళాలే.