మూడు బండ్లు, ఒక్క మనిషి

వైనోకి ఉన్న బండ్లు మూడు. వాటిలో కూర్చోవడానికి ఉన్న ముడ్డి మాత్రం ఒక్కటే. ఈ మాట అతను పదకొండేళ్లుగా ప్రతి శనివారం సౌనా అనే ఆవిరి గదిలో, కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుతూ, రూడీతో అంటూనే ఉన్నాడు. రూడీ ఆ ఊళ్లో ఇన్సూరెన్స్ ఏజెంటు. అంతకంటే ముందు వైనోకి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఇనుప గని పక్క వీధిలో పుట్టారు, ఒకే బడిలో తన్నులు తిన్నారు. నలభై ఏళ్లుగా వైనో పెరట్లోని ఆ చెక్క గదిలో, ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని చెమటలు కారుస్తున్నారు.

"నేను ఒకసారికి ఒక్క బండే తోలతాను గదరా," అనేవాడు వైనో. "మిగతా రెండూ షెడ్డులో పడి ఉంటాయి. పడుకున్న బండి లేచెళ్లి ఎవణ్ని గుద్దుతుంది? మూడిటికీ ఏడాది పొడుగునా గుంజుతున్నారే, ఇదేం న్యాయంరా?"

"బండ్లు మూడైతే పాలసీ మూడిటికీ ఉండాలి. అది కంపెనీ లెక్క, నాది కాదు," అనేవాడు రూడీ. "ఒకే ఇంట్లోవని కాస్త తగ్గించారుగా, దానికి సంతోషించు. పొయ్యి, ఇంకో గరిటెడు నీళ్లు పొయ్యి."

నీళ్లు చుయ్యిమనేవి. ఆవిరి కమ్మేసేది. అక్కడితో ఆ మాట ముగిసేది.

మూడు బండ్లంటే వైనో ఏమంత జమీందారు కాడు. ఒకటి రోజూ వాడుకునే చిన్న కారు. రెండోది ముందు మంచు తోసే పార కట్టిన ముసలి ట్రక్కు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ ఊళ్లో నడుం లోతు మంచు పడుతుంది, ట్రక్కు లేకపోతే ఇంట్లోంచి వీధిలోకి రావడం కూడా కుదరదు. మూడోది ఐలీ కారు.

ఐలీ అతని భార్య. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో పిల్లలకి వండిపెట్టి, రిటైరైన రోజున తన డబ్బుతో ఆకుపచ్చ కారు కొనుక్కుంది. పైకప్పు మడిచేసుకునే కారు! "ఈ మంచులో కప్పు లేని కారేంటే, నీకేమైనా పిచ్చా?" అన్నాడు వైనో. "మంచు ఏడు నెలలేగా, మిగతా అయిదు నెలలు నావి," అంది ఐలీ. వసంతంలో పూలు విచ్చగానే కారు బయటికి తీసేది. తలకి రుమాలు కట్టుకుని, మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, సరస్సు ఒడ్డున ఓడలకి దారి చూపే దీపస్తంభం దాకా తోలుకుపోయేది. ఆకులు రాలగానే పాత బొంత కప్పి షెడ్డులో పెట్టేసేది. ఆ ఏడు నెలలూ దాని చక్రం కదిలేది కాదు.

ఐలీ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వైనో షెడ్డు తలుపులు బార్లా తెరిచి, ఆ కారు ఇంజను ఓ పది నిమిషాలు తిప్పేవాడు. అంతసేపూ డ్రైవరు పక్క సీట్లోనే కూర్చునేవాడు. ఆ కారులో అతని చోటు అదే మరి.

ఈ నవంబరులో పాలసీ రేటు మళ్లీ పెరిగింది. గని పింఛను మాత్రం పెరగలేదు. లెక్క ఎలా వేసినా ఏదో ఒక బండి పోవాలి. ట్రక్కు పోతే మంచులో కూరుకుపోతాడు, చిన్న కారు పోతే మందుల షాపుకి కూడా వెళ్లలేడు.

"అమ్మెయ్‌రా," అన్నాడు రూడీ ఆ శనివారం. "ఒక్కడివి. బొంత కప్పుకున్న కారు కోసం ఇంత తగలెయ్యడం ఎందుకు?"

"ఐలీదిరా అది."

"తెలుసురా. ఐలీ ఉన్నా ఈ మాటే అనేది."

"వేరే దారేం లేదా? చలికాలం వరకైనా ఏమన్నా తగ్గిస్తారేమో చూడరాదూ?"

"లేదు."

"నిజంగా లేదా?"

రూడీ రాళ్ల వంక చూశాడు. "లేదని చెబుతున్నానుగా."

సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలని వాళ్ల తాతలు చెప్పిన మాట. అరవకూడదు, పోట్లాడకూడదు, అబద్ధం అసలే ఆడకూడదు. బట్టలు కూడా లేకుండా పక్కన కూర్చున్నవాడు నీ దగ్గర ఇంకేం దాస్తాడు? అందుకే వైనో ఇంకోసారి అడగలేదు.

మంగళవారం దక్షిణం వైపు నుంచి ఒక జంట ఐలీ కారు కొనుక్కుపోవడానికి ట్రెయిలరు కట్టుకుని వచ్చారు. ఐలీ పొట్టి మనిషి, సీటు ఎప్పుడూ ముందుకి లాక్కునే ఉండేది. కొన్న అతను ఎక్కి కూర్చోగానే మోకాళ్లు తగిలాయి. కింద చెయ్యి పెట్టి సీటు టక్కున వెనక్కి తోసేశాడు. వైనో మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు కారు పేరు పాలసీలోంచి తీయించడానికి వైనో రూడీ ఆఫీసుకి వెళ్లాడు. రూడీ భోజనానికి వెళ్లి ఉన్నాడు. కొత్తగా చేరిన కెండ్రా అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"అమ్మేశారా? అయ్యో, మంచి కారండీ," అంది. స్క్రీను చూస్తూ కనుబొమలు ముడిచింది. "చలికాలంలో కూడా దీన్ని రోడ్డు మీద తిప్పుతారా మీరు?"

"నాకేం మతి పోయిందా? అక్టోబరు నుంచి మే దాకా షెడ్డులోనే."

"మరి పక్కన పెట్టిన బండి కింద రాయించుకోలేదేంటండీ? ఆ నెలలకి గుద్దుడు పాలసీ ఆపేసి, దొంగతనానికీ నిప్పుకీ మాత్రం ఉంచుతారు. నాలుగో వంతు కూడా పడదు. రూడీ గారి జీపు ఏటా అలాగే పెడతాంగా."

వైనో స్క్రీను వైపు వంగాడు. "ఎప్పట్నుంచి ఉంది ఇది?" అని అడిగాడు.

"నాకు తెలిసి మొదట్నుంచీ ఉందండీ. ఏటా కవర్లో ఒక పసుపు కాగితం పంపిస్తాం. టిక్కు కొట్టి సంతకం పెడితే చాలు. మీకు రాలేదా?"

రాకేం! వచ్చాయి. అదే అసలు సిగ్గుచేటు. ఏటా నవంబరులో లావుపాటి కవరు వచ్చేది, వైనో దాన్ని తిన్నగా వంటింటి సొరుగులో పడేసేవాడు. "ఓసారి చింపి చదవరాదా?" అనేది ఐలీ. "రూడీ చదివాడుగా, మళ్లీ నేను చదవడమెందుకు?" అనేవాడు. తన సౌనాలో చెమటోడ్చేవాడి మాట కాగితం మీద సరిచూసుకోవడమంటే వాడి మొహాన ఉమ్మేసినట్టే. ఆ ఊళ్లో ఎవరూ అలా చేయరు.

ఇంటికొచ్చి సొరుగు లాగాడు. పదకొండు కవర్లు. చేపలు కోసే కత్తితో ఒక్కొక్కటీ చింపాడు. పదకొండు పసుపు కాగితాలు బల్ల మీద పడ్డాయి. అన్నిటి మీదా ఒకటే ప్రశ్న. మీ బండ్లలో చలికాలం రోడ్డెక్కనిది ఏదైనా ఉందా?

కారు కొన్నతనికి ఫోను చేశాడు. డబ్బు తిరిగిచ్చేస్తాను, పైన ఇంకొంచెం వేసిస్తాను, బతిమాలుకుంటాను అన్నాడు. "ఏమనుకోకండి పెద్దాయనా, మా ఆవిడ దానికి పేరు కూడా పెట్టేసుకుంది," అన్నాడతను.

శనివారం వైనో సౌనా వెలిగించాడు. ఎందుకు వెలిగించావంటే అతను చెప్పలేడు. శనివారం కాబట్టి వెలిగించాడు. నాలుగింటికి రూడీ తువ్వాలు భుజాన వేసుకుని, వాళ్లావిడ చేసిన యాలకుల రొట్టె చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు. ఇద్దరూ బల్ల ఎక్కారు. వైనో నీళ్లు పోశాడు.

"నీ జీపుకి చలికాలం ఎంత కడతావురా?" అన్నాడు.

రూడీ ఈల ఆగిపోయింది.

"కెండ్రా చెప్పిందా?"

"నువ్వు చెప్పాల్సింది."

"మొదటి ఏడాది మర్చిపోయాన్రా. ఒట్టు. ఆ కాగితం నీతో సంతకం పెట్టించడం మర్చిపోయాను. రెండో ఏడాది చెబుదామంటే, పోయినేడు ఎందుకు చెప్పలేదంటావు. మూడో ఏడు ఇంకా కష్టమైంది. అట్లా..."

"అట్లా పదకొండేళ్లు!"

"నీ డబ్బు తినలేదురా. నాకొచ్చే కమిషన్ ఎంతని, చిల్లర."

"తినుంటే బాగుండేది," అన్నాడు వైనో. "వెధవ, ఆశపడ్డాడులే అనుకుని తిట్టి ఊరుకునేవాణ్ని. సరే, అది పోనీ. పోయిన శనివారం రెండుసార్లు అడిగాను. ఇక్కడే, ఈ బల్ల మీద. వేరే దారి లేదా అని. అప్పుడైనా నోరు రాలేదేంట్రా? అమ్మెయ్ అని ఎందుకన్నావు?"

రూడీ మోకాళ్ల మధ్యకి తల వంచేశాడు. "కారు పోతే ఇంక ఆ మాట రాదనుకున్నాను."

వైనో అతని వంక చూశాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న మనిషే, ఇదివరకు ఎన్నడూ చూడనట్టు చూశాడు. తన అబద్ధం బయటపడకుండా ఉండటానికి ఐలీ కారు అమ్మించాడు వీడు! ఆ కారు ట్రెయిలరు మీద వెళ్లిపోతే తన గుండె తేలికపడుతుందని చూసుకున్నాడు వీడు!

కాసేపటికి, ఏం చేయాలో తోచకనో, అలవాటు కొద్దో, రూడీ సబ్బు పట్టించిన బ్రష్షు అందించి వీపు తిప్పాడు. వెళ్లేముందు ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం వాళ్ల రివాజు. ఒక్క శనివారం తప్పలేదు. ఐలీ చనిపోయిన వారం కూడా వైనో వీపు రుద్దింది ఈ రూడీయే. రుద్దుతూ వైనో కంటే ఎక్కువ ఏడ్చాడు.

వైనో బ్రష్షు అందుకున్నాడు. ఆ వీపు వంక కాసేపు చూసి, బ్రష్షుని బకెట్లో పడేసి, బల్ల దిగి బయటికొచ్చేశాడు.

బట్టలేసుకుని షెడ్డులోకి వెళ్లాడు. కారు ఉండాల్సిన చోట సిమెంటు నేల మీద నాలుగు టైర్ల మచ్చలున్నాయి. పక్కన బొంత మడతపెట్టి ఉంది. దాన్ని ఆ మచ్చల మధ్య వేసుకుని కూర్చున్నాడు, కుడివైపుకి జరిగి, డ్రైవరు పక్కనుండే తన చోటున.

కాసేపటికి రూడీ తల మీంచి ఆవిరి పొగలు కక్కుతూ వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒళ్లు తుడుచుకోలేదేమో, చొక్కా అంటుకుపోయి ఉంది. తెచ్చిన రొట్టె మళ్లీ చంకలో ఉంది.

"వైనో," అన్నాడు. "వచ్చే శనివారం రానా?"

వైనో తలెత్తలేదు.

"కాగితం మీద రాసి పంపు," అన్నాడు. "ఇకనుంచి చదువుతాను."