సున్నం పాఠానికి ఆలస్యంగా పెట్టిన ట్యాగు

త్రినాధరావు మాస్టారికి ఆ పాఠమంటే ఎంత మురిపెమో! అనకాపల్లి హైస్కూల్లో సైన్సు చెబుతారు గానీ, పుట్టింది చెరకు రైతుల ఇంట్లో. బెల్లం వండేటప్పుడు రసంలో కలిపే సున్నం ఉందే, ఆ గడ్డ మీద నీళ్లు పోస్తే కుతకుతమని ఎలా ఉడుకుతుందో ఫోన్లో వీడియో తీసి టీచర్ల పోర్టల్లో పెట్టేరు.

ఆ పోర్టల్ తీరే వేరు. ప్రతి పాఠానికీ ట్యాగులు తగిలించాలి. ఏ తరగతికి, ఇంట్లో చెయ్యొచ్చా, పిల్లలకి ముందుగా ఏం తెలిసుండాలి, అలాగన్నమాట. వాటిని చదువుకుని, ఏ బడికి ఏ పాఠం పనికొస్తుందో మిషనే కలుపుతుంది. ఒకరు చేసింది పదిమందికీ అందుతుంది, మంచిదే కదా. మాస్టారు ఇంట్లో చెయ్యొచ్చన్నారు. ముందుగా ఏమీ తెలియక్కర్లేదన్నారు. సున్నం తడుపుతుంటే వెనక్కి జరగాలని వాళ్ల ఊళ్లో నడక రాని పిల్లలకి కూడా తెలుసు మరి! వీడియోలో అందరూ ముందే దూరంగా నిలబడ్డారు, అంచేత ఆ ముక్క ఎవరూ నోటితో అనలేదు.

పాఠం సముద్రపొడ్డు బడికి చేరింది. అక్కడి టీచరు శ్రీదేవి ఫోన్ చేసేదాకా ఈయన గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నారు.

"మాస్టారూ, మా క్లాసు పిల్ల ధనశ్రీ ఇంట్లో మీ ప్రయోగం చేసిందండీ. వెల్లకి తెచ్చిన సున్నపు గడ్డ మీద నీళ్లు పోసి, మొహం దగ్గరగా పెట్టి చూసిందట. కంట్లో చిందింది."

మాస్టారు వెంటనే పోర్టల్ తెరిచి, ప్రమాదం, దూరంగా నిలబడాలి అని ట్యాగు పెట్టేరు. మొదట్నుంచీ ఉందనుకుంటార్లే అని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఛీ, పిల్ల కన్ను పోతుంటే ఇదేం బుద్ధి!

మర్నాడు ఆసుపత్రికి వెళ్లేరు. ధనశ్రీ కంటికి కట్టు ఉంది. చూపు వస్తుందో రాదో కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారట డాక్టరు. పక్కనే తల్లి కొర్లమ్మ, చేపలమ్ముకునే మనిషి, ఈయన ఫలానా అని తెలియగానే గబుక్కున లేచింది.

"కూకోండి బాబూ. దూరంగా ఉండాలని మీరు రాసే పెట్టేరంట కదా. టీచరమ్మ ఇయాలే సూసి సెప్పింది. ఈ గుంటే సూసుకోలేదు. పొద్దుటేల నుంచి తిడతానే ఉన్నాను."

ధనశ్రీ తల దించుకుంది.

"సారీ సార్. నాకది కనబడలేదు. మీ పాఠం తప్పు సేసేను."

ఊరుకుంటే ఊరుకోవచ్చు. అడిగేవాళ్లెవరూ లేరు. కానీ ఆ పిల్ల క్షమాపణ ఎలా మింగుతారు?

"అమ్మా, ఆ మాట నేను నిన్ననే రాసేను. పాప చూసినప్పుడు లేదు. తప్పు నాది."

కొర్లమ్మ కూతురి తల మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయింది.

ధనశ్రీ మాత్రం రెండో కంటితో ఆశగా చూసింది.

"అయితే నేను కరెక్టుగానే సేసేనా సార్?"

"నేను చెప్పినట్టే చేసేవమ్మా," అన్నారు మాస్టారు.