డీజిలు బండికి సారమ్మ బజ్జీలు

నంద్యాల స్టేషన్లో దిగి ఉగ్గాని తినకపోతే ఆ లైన్లో ప్రయాణం చేసినట్టే కాదనేవాళ్లు అప్పట్లో. ఆ ఉగ్గాని సారమ్మది. ఊరు ఆళ్లగడ్డ. మొగుడు పోయాక రైల్వే లైసెన్సు సంపాదించి, ఇంజనుకు నీళ్లు పట్టే స్తంభం పక్కనే పొయ్యి పెట్టుకుంది. నానిన బొరుగులకు ఘుమఘుమలాడే తాలింపు, పైన పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. బజ్జీ మాత్రం బాండలిలోంచి నేరుగా విస్తరాకులోకి రావాల్సిందే. చల్లారిన బజ్జీ అమ్మడమంటే జనాన్ని మోసం చేయడమే అని ఆవిడ లెక్క.

ఆవిడ వ్యాపారమంతా బొగ్గింజను దాహం మీద నడిచేది. గుంతకల్లు నుంచి వచ్చే పగటి ప్యాసింజరు నంద్యాలలో కడుపారా నీళ్లు పట్టుకోనిదే కదిలేది కాదు. ఊరి బయట కూత వినబడగానే బజ్జీలు నూనెలో పడేవి. జనం దిగి, చేతులు కడుక్కుని, తీరిగ్గా కూర్చుని తిని, కారానికి ఉస్సు ఉస్సుమంటూ, పక్కనే టీ అమ్మే చక్రపాణి దగ్గర టీ తాగి మరీ ఎక్కేవాళ్లు. డ్రైవరు ప్రభుదాసు వాటా రోజూ ఇంజను దగ్గరికే వెళ్లేది.

ఎనభైలు వచ్చాక ఒకనాడు ఆ బండికి డీజిలింజను తగిలించారు. వస్తుందని సారమ్మకు ముందే చెప్పారు. అది ఎలా కూస్తుందో చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు! దూరంగా బోంయ్‌మని వినబడితే, ఆళ్లగడ్డ రోడ్డు మీద లారీ కాబోలనుకుని తాపీగా మిరపకాయలు చీలుస్తూ కూర్చుంది. తలెత్తేసరికి బండి ఎదురుగా ఉంది. నూనె కాగేసరికి వెళ్లిపోయింది. నీళ్లే అక్కర్లేని ఇంజనుకు ఆగడానికి పనేముంది? పైగా ఆ ప్రభుదాసు కిటికీలోంచి చెయ్యూపుతూ ఒకటే ఇకిలింపు. సారమ్మకు ఒళ్లు మండిపోయింది.

మర్నాటి నుంచి ఆ మోతను గుర్తుపట్టి బజ్జీలు సిద్ధంగా ఉంచింది. దిగే నాథుడేడీ? బండి కదిలిపోతుందేమోనని అందరికీ భయం. చక్రపాణి మాత్రం టీ క్యాను పట్టుకుని కిటికీల వెంట పరిగెత్తి అమ్ముకున్నాడు. అక్కా, నువ్వూ అట్లే చెయ్యి అని చెప్పబోతే సారమ్మ కస్సుమంది.

"టీ అయితే నిలబడి తాగుతారు. ఉగ్గాని కూచోని తినాల. కావల్సినోళ్లు దిగొస్తారు, నేనేల పరిగెత్తల్ల?"

ఎవరూ దిగి రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఇన్నేళ్లు చేతులారా పెట్టినదాన్ని ఇంత తేలిగ్గా మరిచిపోయారే అని ఆవిడ కుమిలిపోయింది. చివరికి పొయ్యి ఎత్తేసి ఆళ్లగడ్డలో తమ్ముడింటికి పోదామని, అక్కడే పొలం కూలి చేసుకు బతుకుదామని నిశ్చయించుకుంది. శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నానని కబురు కూడా పంపింది.

శనివారం రానే వచ్చింది. పక్క స్టేషను పాణ్యంలో బండి బయల్దేరిందని గంట కొట్టే పోర్టరు సంజీవయ్య, ఆ గంట కొట్టీ కొట్టకముందే సారమ్మ దగ్గరికొచ్చి, కడసారి ఒక వాయి వెయ్యమని బతిమాలాడు. సరే, చివరి రోజే కదా అని పొయ్యి రాజేసింది. బండి వచ్చి ఆగేసరికి బేసిన్ నిండా బజ్జీలు పొగలు కక్కుతున్నాయి. ఎప్పటిలాగే ఎవరూ దిగలేదు. సారమ్మ మూతి ముడుచుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఎదురు పెట్టెలోంచి ఒకావిడ కిటికీ ఊచలకు మొహం ఆనించి పిలిచింది. వారం వారం గిద్దలూరు పోయే టీచరమ్మ, ఉమామహేశ్వరమ్మ.

"ఏం సారమ్మా, మామీద అలిగినావా? దిగితే బండి పోతాది. వాసనకే నోరూరి సస్తాండాం ఈడ. నువ్వన్నా రాగూడదా?"

సారమ్మ చటుక్కున లేచి నిలబడింది. అయ్యో, మరిచిపోయింది వాళ్లు కాదన్నమాట! ఇన్నాళ్లూ వాళ్లు ఆ ఊచల వెనక నుంచి తనవైపే చూస్తుంటే, తాను ఇక్కడ బింకంగా కూర్చుంది. ఇక ఆలోచించలేదు. కొంగు దోపుకుని బేసిన్ చంకనెత్తుకుంది. సంజీవయ్య ఉగ్గాని గిన్నె అందుకున్నాడు. చక్రపాణి టీ క్యాను కింద పడేసి విస్తరాకులు పట్టుకుని వెంటపడ్డాడు. ప్రతి కిటికీలోంచీ చేతులే. నాకంటే నాకని పెద్దవాళ్లు కూడా పిల్లల్లా పేచీ పెట్టారు. కూర్చోవాలన్న ఆవిడ పట్టుదలా నెగ్గింది, అందరూ సీట్లలోనే కూర్చుని తిన్నారు మరి.

బండి కదిలింది. ముందు ఇంజనులోంచి ప్రభుదాసు సగం బయటికి వంగి, తన వాటా కోసం చెయ్యి చాపాడు. సారమ్మ ఖాళీ బేసిన్‌ను తలకిందులుగా ఎత్తి పట్టుకుంది.

"అయిపోయినాయన్నా! ఒక్కటి గూడా మిగల్లా!"

ప్రభుదాసు ఏదో గొణిగాడు, మోతలో వినబడలేదు. సారమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు వెళ్లే వేళకు ఆవిడ బజారులో ఉంది, మర్నాటికి శనగపిండి రెట్టింపు తూయించుకుంటూ.